ఆ బెత్తెడు ఎత్తు

నాన్న తుంటి విరిగింది బండి మీంచి పడి కాదు. ఆ సంగతి ముందే చెప్పెయ్యాలి. ఆ ఎండాకాలం పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ ఆయన అన్నిటికంటే ముందు అదే చెప్పేవాడు. "బండి నన్నెప్పుడూ పడెయ్యలేదు. స్నానాలగదిలో సబ్బుబిళ్ళ పడేసింది."

మాది అద్దాల దుకాణం. ముందుగదిలో అద్దాలు, వెనక రెండు గదుల్లో మేం. కిటికీలకూ బీరువాలకూ కొలత ప్రకారం అద్దం కోసేది అమ్మా నేనూ. పగలకుండా చేర్చేది నాన్న. అందుకు ఆయనకొక పాత పికప్ బండి ఉంది. నేను పుట్టకముందే, అప్పటికే పాతబడ్డదాన్ని కొన్నాడు. గుండ్రటి లైట్లు, బుగ్గల్లా ఉబ్బిన మడ్‌గార్డులు, ఎండకు వెలిసిన ఆకుపచ్చ రంగు. వెనక తొట్టిలో అద్దాలు నిలబెట్టే చెక్క చట్రం, దానికి చుట్టిన గోనెపట్టా. నాన్న ఆ బండిని పెద్దమ్మాయి అంటాడు. నేను చిన్నమ్మాయిని. చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చినా, దానికి టైరు పోయినా ఆయన ముఖం ఒకేలా వాడిపోయేది. అందుకు నేను చాలా ఏళ్ళు దానితో పలకలేదు.

దారిలో ఎక్కడ ఆగినా నాన్న దిగి వెనక్కి వెళ్ళి, ఒక్కో అద్దాన్నీ వేలి కణుపుతో తట్టేవాడు. బాగున్న అద్దం ఖంగుమంటుంది. వెంట్రుకంత బీట పడ్డా, అది కంటికి కనపడకముందే గొంతు మారిపోతుంది. "చూడ్డం తర్వాత. ముందు విను" అనేవాడు. మా ఇంట్లో తక్కువ మాట్లాడేది నేనే కాబట్టి ఆ విద్య నాకు తొందరగా అబ్బింది.

తుంటికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మూడో నెలలో ఒక మంచిమాట, ఒక చెడ్డమాట చెప్పింది. "కూర్చున్నాక నిక్షేపంగా నడపొచ్చు. కానీ ఆ బండంత ఎత్తుకి కాలెత్తి ఎక్కడం ఇక కుదరదు. వెనక్కి తిరిగి చతికిలబడి, ఆ తర్వాత కాళ్ళు లోపలికి తీసుకోవాలి. సీటు అంత కిందికి ఉంటేనే."

సీటు అంత కిందికి లేదు.

మామయ్య అప్పుడే రంగంలోకి దిగాడు. అమ్మ తమ్ముడు. వీధి చివర మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఆయనది. తలుపు కింద ఇనప మెట్టొకటి వెల్డింగ్ చేశాడు. నాన్న మంచికాలితో మెట్టెక్కాడు. కూర్చోవాలంటే దానిమీదే వెనక్కి తిరగాలి. పాదం పట్టేంత చోటులో ఎలా తిరుగుతాడు? ఊగాడు. మామయ్య నడుం పట్టుకోకపోతే రెండో తుంటి కూడా అయిపోయేది. మరి సీటునే తగ్గిస్తే అంది అమ్మ. "అప్పుడు స్టీరింగు సందుల్లోంచి చూడాలి రోడ్డు" అన్నాడు నాన్న.

"ఇవన్నీ ఎందుకు బావా? నేనూ ఎదురింటి వడ్రంగీ చెరోపక్క పట్టుకుంటాం. రెప్పపాటులో కూర్చోబెట్టేస్తాం."

"నేనేమన్నా అద్దాన్నా, ఇద్దరు పట్టి ఎక్కించడానికి?"

"అద్దమే నయం" అంది అమ్మ. "ఇన్ని మాటలు అనదు."

నాన్న నవ్వలేదు. "ఎక్కించేది మీరు. మరి దించేదెవరు? ప్రతి గుమ్మం దగ్గరా అద్దం తట్టి చూడ్డానికి మిమ్మల్ని వెంటేసుకుని తిరగాలా?" కర్ర అందుకుని లోపలికి వెళ్తూ, గడప దగ్గర ఆగాడు. "పళ్ళ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. తొలివాన పడగానే వచ్చి తీసుకెళ్ళమనండి."

పళ్ళ డాక్టరు పక్క ఊళ్ళో ఉంటాడు. పళ్ళు పీకడం మానేసి పాతబండ్లు పోగుచేసుకుంటున్న పెద్దాయన. ఏటా ఒకసారి వచ్చి మా బండి చుట్టూ తిరిగి, దాని ముందరి జాలీని నోరు తెరిపించినట్టు పరీక్షగా చూసి, ఎప్పుడిస్తారని అడిగేవాడు. "ముందు నా పళ్ళన్నీ ఊడనివ్వండి డాక్టరు గారూ" అని నాన్న సాగనంపేవాడు. ఆయనొచ్చి వెళ్ళిన రోజు నాన్న బండిని ఇంకోసారి కడిగేవాడు, దిష్టి తీసినట్టు.

అలాంటి మనిషికి కబురు పెట్టమన్నాడంటే ఇక చెప్పడానికేం ఉంది? అమ్మ ఫోన్ చేసింది. ఆ సాయంత్రమే నాన్న తన కుర్చీ తిప్పేసుకున్నాడు. అప్పటిదాకా కిటికీలోంచి బండి కనపడేది. ఇప్పుడు గోడ కనపడుతుంది.

ఎండ ముదిరింది. అద్దాలు అద్దెబండ్లలో పంపడం మొదలుపెట్టాం. పది పంపితే మూడు పగిలేవి. తిట్టించుకునేది అమ్మ. నాన్నకు వినపడకూడదని ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. నాన్నకు అద్దం బీటే వినపడుతుంది, అమ్మ గొంతు వినపడదా?

నేను చేసిందల్లా ఒక్కటే. చూస్తూ కూర్చున్నాను. నాన్న దేని మీద కూర్చుంటున్నాడు, దేన్ని తప్పించుకు పోతున్నాడు అన్నది చూశాను. మంచం మీద సులువుగా కూర్చుంటాడు. దుకాణంలో ఎత్తు స్టూలు జోలికి పోడు. వసారా పిట్టగోడ దగ్గర మాత్రం వెనక్కి వెనక్కి జరిగి, గోడ తగలగానే చెయ్యి ఆనించకుండా కూర్చుంటాడు. మర్నాడు ఆ గోడ మీద అంగుళం మందం చెక్క ఒకటి పరిచాను. కూర్చున్నాడు. మూడోరోజు ఇంకో చెక్క వేశాను. చెయ్యి ఆనించి కూర్చున్నాడు. నాలుగోరోజు మూడో చెక్క కూడా వేసేసరికి దాని ముందు కాసేపు నిలబడి, కుర్చీ వైపు నడిచాడు.

"పైచెక్క తీసెయ్ చిన్నమ్మాయ్" అన్నాడు వెనక్కి తిరగకుండా. "నా దగ్గరా నీ కొలతలు?"

పైచెక్క తీసేసి టేపు పట్టుకున్నాను. గోడా, రెండు చెక్కలూ కలిపి ఎంత? బండి సీటు అంచు ఎంత? తేడా మూడంగుళాలు. నా నాలుగువేళ్ళు పక్కపక్కన పెడితే సరిగ్గా అంత. ఒక బెత్తెడు. మనిషికీ బండికీ మధ్య అడ్డం వచ్చిందల్లా అంతే.

మామయ్య షెడ్డుకి వెళ్ళి చెప్పాను. "మెట్టు వద్దు, స్టూలు వద్దు. బండే బెత్తెడు కిందికి రావాలి, మామయ్యా. ముందువైపు దిగితే చాలు. సీటు ముందు చక్రాల దగ్గరే కదా."

ఆయన చేతిలో పానా అలాగే పట్టుకుని నన్ను చూశాడు. "నువ్వింత పొడుగు మాట మాట్లాడ్డం ఇదే వినడం" అన్నాడు.

ఇక్కడే మేం పొరపాటు చేశాం. మాది అద్దాలు కోసే ఇల్లు. ఏదైనా ఎక్కువైతే కొలిచి కోసెయ్యడమే మాకు తెలిసిన విద్య. మామయ్యా ఆ ఇంట్లో అన్నం తిని పెరిగినవాడే. పైగా ఆయన చదివింది మోటారు సైకిళ్ళ చదువు. ముందు చక్రాల దగ్గర రెండు లావుపాటి కాయిల్ స్ప్రింగులున్నాయి. బండి బరువంతా వాటి మీదే నిలబడి ఉంది. అవి పొట్టివైతే బండి పొట్టిదవుతుంది. అందులో అనుమానమేముంది?

జాకీ పెట్టి, చక్రాలు విప్పి, స్ప్రింగులు బయటికి తీశాం. ఎన్ని చుట్లు పోవాలో ఆయన లెక్క చెప్పాడు. గీత గీసింది నేను. అద్దం మీద గీసినంత శ్రద్ధగా సుద్దముక్కతో చుట్టూ తిప్పి గీశాను. గ్రైండరు పెట్టి ఆయన కోశాడు. తెగిన ముక్కలు రెండూ చల్లారాక నా చేతిలో పెట్టి, "ఇవిగో, మీ అక్కయ్య కడియాలు. దాచిపెట్టు" అన్నాడు.

బండి కిందికి దించేసరికి ముక్కు వంచుకుని నిలబడింది. వడ్రంగి తన గుమ్మంలోంచి చూసి, "ఏమిటయ్యా, నేల వాసన చూస్తోందా?" అన్నాడు.

"నీకు దణ్ణం పెడుతోంది. దీవించు" అన్నాడు మామయ్య.

నాన్నను పిలిచాం. వచ్చాడు. బండికి వీపు పెట్టి నిలబడ్డాడు. వెనక్కి ఒక అడుగు, ఇంకో అడుగు. సీటు అంచు తగిలింది. కూర్చున్నాడు. ఒక కాలు లోపలికి తీసుకున్నాడు. రెండోది చేత్తో పట్టి తెచ్చుకున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేశాడు. పొయ్యి మీద పాలున్నాయంటూ అమ్మ లోపలికి పోయింది. పొయ్యి మీద ఏమీ లేదని నాకు తెలుసు.

మర్నాడు ఒకే ఒక్క అద్దం ఎక్కించాం. రెండు వీధుల అవతల దర్జీ కొట్టుకి. మామయ్య ముందు నాన్న పక్కన, నేను వెనక తొట్టిలో. బయల్దేరేముందు నాన్న తట్టాడు. ఖంగుమంది. వీధి దాటాం. నాన్న చంటిపిల్లను మోస్తున్నట్టు నడుపుతున్నాడు. కానీ బండి మునుపటిలా లేదు. చిన్న గులకరాయి ఎక్కినా నా పళ్ళు టకటకమంటున్నాయి. బడి ముందు స్పీడుబ్రేకరు వచ్చింది. నత్తలా ఎక్కి నత్తలా దిగాం. దిగుతుండగా ముందువైపు అడుగున ఇనుము ఇనుముకి తగిలింది, సుత్తి దెబ్బలా.

నాకు ఏమీ కనపడలేదు. కానీ వినపడింది.

నాన్న బండి ఆపాడు. దిగాడు. అదీ తనంతట తనే దిగాడు, కర్రతో చుట్టూ నడిచి వచ్చాడు. తెలిసి కూడా అద్దాన్ని కణుపుతో తట్టాడు. టప్పుమంది, మట్టికుండలా. దాని మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. "ఇంటికి పోదాం" అన్నాడు.

ఇంటి దగ్గర మామయ్య తల దించుకుని నిలబడ్డాడు. నాన్న ఆయన భుజం తట్టాడు. "నీ తప్పు కాదురా. స్ప్రింగు కోస్తే పొట్టిదే కాదు, ఊగని మొండిది కూడా అవుతుందని మనలో ఎవరికి తట్టింది? గీత గీసినదానికి తట్టలేదు, ఎక్కి కూర్చున్నవాడికి తట్టలేదు."

"కొత్త స్ప్రింగులు తెస్తాను బావా."

"ఎక్కణ్ణుంచి? దీని వయసు బండ్లన్నీ కరిగించి మేకులు చేసేశారు."

మామయ్య ఆ పూట భోజనానికి ఆగలేదు. వారం రోజులు మా గుమ్మం తొక్కలేదు. మా పరిస్థితి మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. ఇంతకుముందు బండి మోసేది, నాన్న ఎక్కలేకపోయేవాడు. ఇప్పుడు నాన్న ఎక్కగలడు, బండి మొయ్యలేదు. నా సుద్దగీత వల్ల. ఆ రెండు కడియాలూ గూట్లోంచి నన్ను చూస్తూ ఉండేవి.

ఎనిమిదో రోజున, మేఘాలు కట్టి కురవకుండా పోయిన పొద్దున, బస్సెక్కి పళ్ళ డాక్టరు ఊరికి వెళ్ళాను. ఎందుకంటే చెప్పలేను. బండి చెడిపోయిందని తీసుకెళ్ళేవాడికి ముందే చెప్పాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన షెడ్డులో ఉన్నాడు. మా బండికి కవలపిల్లలాంటిది, నీలం రంగుది, మధ్యలో మెరిసిపోతూ ఉంది. అదీ ముక్కు వంచుకునే ఉంది. మా దానిలాగే, సరిగ్గా అంతే. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చేలోపు నేను దాని బంపరు మీద రెండు చేతులూ పెట్టి నొక్కాను. మెత్తగా దిగింది. మెత్తగా పైకి లేచింది.

"మీరు కొయ్యలేదా?" అన్నాను. నమస్కారం పెట్టడం కూడా మర్చిపోయాను.

"ఏమిటి కొయ్యడం?"

"స్ప్రింగులు."

ఆయన పన్ను పీకించుకున్నవాడిలా ముఖం పెట్టాడు. "స్ప్రింగు జోలికి ఎందుకు వెళ్తాను తల్లీ? ఇలా వంగు." చక్రం వెనక చూపించాడు. చక్రం తగిలించే లావు ఇనపచెయ్యి ఒకటి ఉంది. "దీన్ని స్టబ్ యాక్సిల్ అంటారు. మామూలు దానికి ఇరుసు ఇక్కడుంటుంది. ఇది వేరే రకం, ఇరుసు బెత్తెడు పైన ఉంటుంది. చక్రం పైకి పోయింది కాబట్టి బండి కిందికొచ్చింది. పైనున్న స్ప్రింగుకి ఈ సంగతే తెలియదు. ఎప్పట్లా హాయిగా ఊగుతుంది."

అప్పుడు నేను మొత్తం చెప్పాను. సబ్బుబిళ్ళ, పిట్టగోడ మీద చెక్కలు, సుద్దగీత, దర్జీ కొట్టు అద్దం. నా జీవితంలో ఒకేసారి అన్ని మాటలు అంతకుముందు ఆడలేదు, ఆ తర్వాతా ఆడలేదు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ విన్నాడు.

"అయితే తొలివానకి నాకు మీ బండి వస్తుంది. స్ప్రింగులు తెగిన బండి."

"అవును సార్. అదే చెప్పిపోదామని వచ్చాను."

"మీ నాన్న ఇప్పుడు తనే ఎక్కుతున్నాడా?"

"ఎక్కుతున్నాడు. దిగుతున్నాడు కూడా."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. తన నీలం బండి చుట్టూ ఒకసారి నడిచాడు. మా బండి చుట్టూ ఏటా తిరిగినట్టే. ఎక్కడో మడ్‌గార్డు మీద కనపడని దుమ్ము తుడిచాడు.

"జాకీ ఆ మూల ఉంది. ఇలా దొర్లించు" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. బండి పైకి లేచి, చక్రం ఊడి, ఆయన స్ప్రింగుకి గొలుసు చుట్టి బిగించి, ఒక్కో నట్టూ నొప్పి తెలియకుండా పీకుతున్నట్టు విప్పడం మొదలుపెట్టాక గానీ అర్థం కాలేదు.

"సార్, మరి మీ బండి?"

"నాది ఎక్కడికి పోవాలి? ఆదివారం తుడిస్తే చాలు దానికి. చెక్కదిమ్మెల మీద నిలబడైనా తుడిపించుకుంటుంది." బండి కిందినుంచే అన్నాడు. "మీ బండి నేనెందుకు అడుగుతున్నాననుకున్నావు ఇన్నాళ్ళూ? ఎవరో ఒకరు తుక్కు కింద వేసేస్తారేమోనని. మీ నాన్న వేసే మనిషి కాదని తెలిస్తే ఏటా పెట్రోలు ఖర్చు తప్పేది."

అది పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. పానాలు అందిస్తూ షెడ్డంతా చూశాను. తూర్పు కిటికీకి అద్దం లేదు. అట్టముక్క మేకులు కొట్టి ఉంది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆ కిటికీని జానలతో కొలుచుకున్నాను. వెడల్పు మూడు జానలు, ఎత్తు నాలుగు జానల బెత్తెడు.

రెండు స్టబ్ యాక్సిళ్ళు, రెండు స్ప్రింగులు తన చిన్నకారు వెనక పెట్టి, నన్ను ఎక్కించుకుని మా వీధి మొదట్లో దించాడు. లోపలికి రమ్మన్నాను. "తొలివానకి వస్తానన్నాను. అప్పుడే వస్తాను" అన్నాడు.

మామయ్యను నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆయన ఆ సామాను ముందు గొంతుక్కూర్చుని, ఇరుసు ఎక్కడుందో వేలు పెట్టి చూసి, చాలాసేపు తల ఊపాడు. "ఇంతేనా? చక్రాన్ని పైకి జరపడమా? నేను బండి కాళ్ళు నరికాను కదక్కా."

"కాళ్ళు తర్వాత నరికావు. ముందు అన్నం మానేశావు" అంది అమ్మ. "తిని పని చెయ్యి."

రెండు రోజులు పట్టింది. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడ్డానికి అమ్మ కుట్టుదారం తీసుకుని వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బిగించి పట్టాం. ఒక కొస అమ్మ, ఒక కొస నేను. మామయ్య నేలమీద పడుకుని ఒంటికన్నుతో చూస్తూ, "అక్కా, ఊపిరి పీల్చకు, దారం కదులుతోంది" అన్నాడు. "అదొక్కటే మిగిలింది, అదీ మానేస్తాను" అంది అమ్మ. కుర్చీలోంచి నాన్న నవ్వు వినపడింది. తిరిగి చూస్తే కుర్చీ గోడ వైపు లేదు.

ఈసారి కూడా ఒకే ఒక్క అద్దం ఎక్కించాం. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. నేను కోసిందే. బడి ముందు స్పీడుబ్రేకరు దగ్గర మామయ్య కళ్ళు మూసుకున్నాడని తర్వాత నాన్న చెప్పాడు. బండి ఎక్కింది. దిగింది. నీళ్ళ మీద పడవలా ఒకసారి ఊగి సర్దుకుంది. నాన్న ఆపలేదు. అలాగే ఊరు దాటించాడు. దారిలో చినుకులు మొదలయ్యాయి. నేను వెనక గోనెపట్టా కప్పుకుని, ఒక చేత్తో అద్దాన్ని పట్టుకుని కూర్చున్నాను. పెద్దమ్మాయితో ఆ రోజు పలికాను. ఏమన్నానో అది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

పళ్ళ డాక్టరు గొడుగు వేసుకుని అప్పుడే కారు తలుపు తీస్తున్నాడు, మా ఇంటికి బయల్దేరడానికి. మా బండి ఆయన గేటు ముందు ఆగింది. నాన్న దిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"తొలివాన పడింది డాక్టరు గారూ" అన్నాడు నాన్న. "మాట ప్రకారం బండి తెచ్చాను. చూసుకోండి."

"చూశాను. ఇక తీసుకెళ్ళండి" అన్నాడాయన.

కృతజ్ఞత చెప్పడం నాన్నకు చేతకాదు. అది అందుకోవడం ఆయనకీ చేతకాలేదు. మామయ్య అట్టముక్క మేకులు ఊడదీశాడు. నేనూ మామయ్యా అద్దాన్ని చట్రంలోకి ఎక్కించాం. జానలతో కొలిచిందైనా చట్రంలో అచ్చు పోసినట్టు కూర్చుంది. నాన్న కర్ర గోడకి ఆనించి చుట్టూ లప్పం పెట్టాడు. వాన వెలుతురు మొదటిసారి షెడ్డులోకి వచ్చి, చెక్కదిమ్మెల మీద చక్రాల్లేకుండా నిలబడ్డ నీలం బండి మీద పడింది.

నాన్న అలవాటుగా వేలు మడిచాడు. మళ్ళీ ఎందుకో ఆగి, పక్కకి జరిగాడు.

"చిన్నమ్మాయ్, నువ్వు."

నేను తట్టాను. అంతమంది ఎదుట నేను తట్టడం అదే మొదలు. షెడ్డంతా ఖంగుమంది. ఆ మోత వానలో కలిసేదాకా అందరం విన్నాం.

"ఏమంటోందమ్మా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

నేను నాన్న వైపు చూశాను. నాన్న నన్నే చెప్పమన్నట్టు నిలబడ్డాడు.

"క్షేమంగా చేరానంటోంది సార్" అన్నాను.